కొండ మీద పాఠాలు – 11: తప్పు పాస్‌వర్డ్

శనివారం సాయంత్రం అరకులో ఒకటే వాన. మా డిగ్రీ విద్యార్థిని వాళ్ల నానమ్మ చెప్పిన కువి కథని తెలుగు లిపిలో నా ల్యాప్‌టాప్ మీద టైపు చేస్తోంది. అందులో ఉన్నది ఉబుంటు. కీబోర్డు మాటిమాటికీ ఇంగ్లీషులోకి పోతోందని విసుగొచ్చి, సెట్టింగుల్లో ఇంగ్లీషుని తీసిపారేశాను. తెలుగు ఇన్‌స్క్రిప్ట్ ఒక్కటే ఉంచాను. తెలుగు పిహెచ్‌డీ కదా, అదో గర్వం!

ఇద్దరం టీ తాగి వచ్చేసరికి స్క్రీన్ లాకయింది. నా పాస్‌వర్డేమో ఇంగ్లీషు అక్షరాలు. ‘హెచ్’ నొక్కితే ‘ప’ పడుతుంది, ‘ఎల్’ నొక్కితే ‘త’. పైకి కనిపించేవి చుక్కలే. నాలుగుసార్లు కొట్టాను, నాలుగుసార్లూ తప్పన్నది. ఆపేసి మళ్లీ ఆన్ చేద్దామంటే కథ ఇంకా సేవ్ చేయలేదు.

కంట్రోల్, ఆల్ట్, ఎఫ్3 కలిపి నొక్కితే నల్ల తెర వచ్చింది. నేను మార్చిన సెట్టింగు అక్కడ పనిచేయదు, కీబోర్డు ఇంగ్లీషులోనే ఉంటుంది. పేరూ పాస్‌వర్డూ కొట్టి లోపలికెళ్లాను. సుడోతో ‘లాగిన్‌సీటీఎల్ అన్‌లాక్-సెషన్స్’ అని కమాండ్ ఇచ్చాను. కంట్రోల్, ఆల్ట్, ఎఫ్2తో వెనక్కి వస్తే లాక్ తీసి ఉంది. కథ భద్రం. ముందు సేవ్ చేసి, మౌసుతో సెట్టింగుల్లోకి వెళ్లి ఇంగ్లీషుని మళ్లీ చేర్చాను. మీరు మాత్రం ఇంగ్లీషుని పూర్తిగా తీసేయకండి.

ఆ పిల్ల నవ్వింది. “ఒకటో తరగతిలో నాకూ ఇలాగే ఉండేది సార్. నేను సరిగ్గానే చెప్పేదాన్ని. టీచరుగారికి తప్పుగా వినబడేది.”

నాకు నవ్వు రాలేదు. మా పేట మాట మాట్లాడితే నాలుక సరిచేసుకోమన్న మాస్టార్లని ఇరవయ్యేళ్లుగా తిడుతున్నాను. కిందటి నెల ఈ పిల్ల జవాబుపత్రం మీద ‘భాషాదోషాలు’ అని ఎర్రసిరాతో రాసింది నేనే. కువి మన తెలుగుకి తోబుట్టువు, రెండూ ద్రావిడ భాషల్లో ఒకే శాఖవి. ఆ సంగతి పరీక్షకి చదివాను, పాసయ్యాను. ఎర్రపెన్ను పట్టుకున్నప్పుడు మాత్రం గుర్తు రాలేదు.

ఉమ్మడి రాష్ట్రంలో 2004లో ఆదివాసీ భాషల్లో ప్రాథమిక పాఠాలు మొదలయ్యాయి, వాటిలో కువి ఒకటి. డిగ్రీకి వచ్చేసరికి ఆ ఊసే ఉండదు. మా క్లాసులో ఉన్నది ఒక్కటే కీబోర్డు, అది నాది.

నేను బయట నిలబడింది అరగంట. ఈ పిల్లలు ఒకటో తరగతి నుంచీ నిలబడే ఉన్నారు. సరైన మాటే చెబుతున్నారు, మనకి చుక్కలు కనిపిస్తున్నాయి.

సోమవారం ఆ జవాబుపత్రం మళ్లీ తీస్తాను. నేను ఎర్రగీత గీసిన ప్రతిచోటా, “దీన్ని మీ ఇంట్లో ఎలా అంటారమ్మా?” అని ముందు అడుగుతాను. మార్కుల సంగతి ఆ తర్వాత.