భద్రాద్రి బాటలో జంటదీపములు

తల్లాడనుండి ఏన్కూరు, జూలూరుపాడు, కొత్తగూడెముల మీదుగా భద్రాచలమునకు మోటారుసైకిలుపై పోవుట మా కలవాటు. గోదావరీస్నానము, రామదర్శనము ముగించి మరలునప్పటికి అడవిదారిలో చీకటి పడును. బండిదీపము చాలదని మావారు కడుదెల్లని వెలుగు చిమ్మునట్టి రెండు ఎల్.ఇ.డి. దీపములు తెచ్చి తగిలించిరి. పగలువలె నున్నదని మేమును మురిసితిమి.

ఒకనాటి రాత్రి ఏన్కూరు చేరువలో, ఎదురుగా సైకిలుపై వచ్చుచున్న యొక వృద్ధుడు మా వెలుగునకు కన్నులు చెదరి గోతిలో పడెను. పరుగిడి లేవనెత్తితిమి. మోకాలు చెక్కుకొనిపోయినది. “మీకు బాట కనబడ్డది బిడ్డా, నాకే కానరాకపాయె” అనెను. ఆ మాట మమ్ము నిదురపోనీయలేదు.

మరునాడే వాని నూడదీయించి, వేరు దీపములు వెదకితిమి. ఒక్కొక్కటి 20 వాట్లవి చాలును. రెండును 12 వోల్టుల బ్యాటరీనుండి మూడు ఆంపియర్లకు కొంచె మెక్కువ గ్రహించును. రిలే, ఫ్యూజు తప్పక యుండవలెను. సన్నగా దూరము పోవు వెలుగుకంటె వెడల్పుగా పరచుకొనునది దారి యంచులను, పశువులను చక్కగా చూపును. ఐ.పి. 67 గుర్తున్నచో దుమ్ము చొరదు. మీటరులోతు నీటిలో అరగంట యోర్చును. దీపమును క్రిందికి వంచి బిగింపవలెను. మీట బొటనవ్రేలి కందవలెను.

ఇప్పు డెదుట మనిషి జాడ కనబడగానే వెనుక కూర్చున్న మేము వారి భుజము తట్టుదుము. వారు జంటదీపముల నార్పుదురు. మన వెలుగు పరుల కన్నులకు చీకటి కారాదు గదా!