రెండో ఆదివారం దిద్దుబాటు

రచన అనే పనికి సంబంధించిన ధర్మమంతా మన తెలుగు కథల్లో ఒకదాని పేరులోనే ఇమిడి ఉన్నదని నాకు చాలాకాలంగా ఒక అభిప్రాయం. గురజాడ అప్పారావుగారి ‘దిద్దుబాటు’ 1910లో వెలువడింది. ఆ కథలో దిద్దబడేది ఒక భర్త నడవడి. అయినా ఆ మాట రాసేవారి పనికి కూడా అంతే చక్కగా అమరుతుంది. తన ‘కన్యాశుల్కం’ 1892లో ప్రదర్శనకెక్కి, 1897లో అచ్చయిన తరువాత కూడా ఆయన దానిని వదిలిపెట్టలేదు. మళ్ళీ మొదటినుంచి చేపట్టి, 1909 నాటికి దాదాపు కొత్త నాటకంగా తీర్చిదిద్దారు. ఈనాడు మనం చదువుకునే, చూసే, సామెతల్లా వాడుకునే కన్యాశుల్కం ఆ రెండవదే. జనం మెచ్చినదానిని విప్పి మళ్ళీ కుట్టడానికి ఎంత నిబ్బరం కావాలో, పుటన్నర రచనను దిద్దడానికి నాలుగు నెలలు పట్టిన నాబోటివాడికి కొంచెం తెలుసు.

ఆయన నివసించిన విజయనగరంలోనే మా గోష్ఠి ప్రతి నెలా రెండో ఆదివారం సాయంత్రం జరుగుతుంది. దానికొక పేరంటూ లేదు. అధ్యక్షుడు లేడు, శాలువాలు లేవు. పదవీ విరమణ చేసిన ఒక తెలుగు మాస్టారి ఇంటి వసారా, రెండు చాపలు, నాలుగు ప్లాస్టిక్ కుర్చీలు, మధ్యలో ఒకసారి టీ... అంతే. వచ్చేవారు ఏడెనిమిది మంది. ఒక నర్సు, బ్యాంకు ఉద్యోగి ఒకాయన, బట్టలు కుట్టే పెద్దాయన, డిగ్రీ చదువుతున్న ఒక అమ్మాయి క్రమం తప్పకుండా వస్తారు. మిగిలినవారు వీలును బట్టి.

నియమాలు మాత్రం మూడున్నాయి. మొదటిది: రాసినవారు తమ రచనను తాము చదవరాదు. ఇంకొకరు పైకి చదువుతుంటే వినాలి. రాసినవాడే చదివితే వాక్యంలో లేని భావాన్ని కూడా గొంతు నింపేస్తుందని మాస్టారి వాదన. రెండవది: అందరూ మాట్లాడడం పూర్తయ్యేవరకూ రాసినవారు నోరు విప్పరాదు. మూడవది: ‘బాగుంది’ అని ఊరుకోరాదు. ఎక్కడ బాగుందో వేలుపెట్టి చూపాలి. వినడానికి ఇవి సులువుగానే ఉంటాయి. మన వాక్యం పరాయి గొంతులో తడబడుతుంటే, వివరణ ఇచ్చుకునే వీలు లేకుండా కూర్చోవడం ఎంత కష్టమో ఆ చాపమీద కూర్చుంటే గాని తెలియదు.

నేను తీసుకువెళ్ళిన రచన మా నాన్న గురించి. ఆయన జూట్ మిల్లులో మగ్గం నడిపేవారు. మధ్యాహ్నం భోజనం కేరేజీ మిల్లు గేటుకు చేరవేయడం చిన్నతనంలో నా పని. ఆ కేరేజీ గురించే రాశాను. సంవత్సరీకం అయిన మరుసటి వారం, ఆయన కాగితాలు సర్దుతుండగా ఒక సంగతి తట్టింది. మా నాన్న పేరు కాగితం మీద ఉన్నది మూడే మూడు చోట్ల: రేషను కార్డు, ఓటరు జాబితా, ప్రావిడెంట్ ఫండ్ పత్రాలు. నేను రాయబోయేది నాలుగవది. అందువల్ల అది ఎలా పడితే అలా ఉండడానికి నా మనసు ఒప్పుకోలేదు.

మొదటి నెల డిగ్రీ అమ్మాయి చదివింది. ఎక్కడా తప్పుపోలేదు. కాని రెండవ పేరా సగానికి వచ్చేసరికి ఆమె గొంతు తనకు తెలియకుండానే మారిపోయింది. బడిలో వక్తృత్వపు పోటీకి నిలుచున్నట్టు స్వరం పైకి లేచింది. అక్కడున్నవి ‘స్వేదం’, ‘శ్రామికమూర్తి’ వంటి మాటలు. ఆమె ఆపిన తరువాత బ్యాంకాయన నెమ్మదిగా, “ఇక్కడ మనిషి కనబడడం ఆగిపోయి, సభ కనబడుతోందండీ” అన్నారు. ఆ ఒక్క మాటతో ఆరు వాక్యాలు రాలిపోయాయి. వాటి స్థానంలో కొత్తగా ఏమీ రాయనవసరం కూడా కలగలేదు.

రెండవ నెల దర్జీ పెద్దాయన ఒక ప్రశ్న వేశారు. “మీ నాన్నగారు ఇంట్లో ఎప్పుడూ అరిచినట్టే మాట్లాడేవారని రాశారు. కోపిష్ఠి మనిషా?” అందరూ మాట్లాడేవరకూ నేను ఆగవలసి వచ్చింది. నా వంతు వచ్చాక చెప్పాను. కోపం కాదు. మగ్గాల హోరులో ఎనిమిదేసి గంటలు నిలబడేవారికి పక్కవాడి మాట వినబడదు. అక్కడ అరిస్తేనే మాట. ఆ అలవాటు ఇంటిదాకా వచ్చేది. నాన్న ముద్దుచేసినా అరిచినట్టే ఉండేది. పెద్దాయన తలపంకించి, “మరి అది కాగితం మీద లేదేమండీ?” అన్నారు.

కత్తెర పని తెలిసినవారు గనుకనే ఆయనకు గుడ్డ ఎక్కడ చాలలేదో కూడా తెలిసిందనుకుంటాను. మెరుగుపెట్టడమంటే తీసివేతే అని తరచుగా అంటూంటారు. మా వసారాలో నేను చూసినది వేరు. మనకు మరీ దగ్గరగా ఉన్న సంగతి కాగితం మీద లేదని మనకే తెలియదు. దానిని ఎత్తిచూపడానికి మన ఇల్లు తెలియని మనిషి ఒకరు కావాలి.

అసలు చర్చ మూడవ నెలలో వచ్చింది. నర్సు చదివారు. చదివి, “ఇంట్లో మీరు ఆయనను నాన్నగారనే పిలిచేవారా?” అని అడిగారు. “లేదండీ. అయ్య అనేవాళ్ళం” అన్నాను. వసారాలో కాసేపు ఎవరూ మాట్లాడలేదు.

తెలుగులో తండ్రి గురించి ఒక్క వాక్యం రాయాలన్నా క్రియ దగ్గర ఒక నిర్ణయం తీసుకోక తప్పదు. వచ్చాడా, వచ్చారా? మర్యాద మన భాషలో క్రియాంతంలోనే కూర్చుని ఉంటుంది. దానిని తప్పించుకునే దారి లేదు. ‘నాన్నగారు వచ్చారు’ అని రాస్తే చదువుకున్నవారి వీధిలోని ఒక ఇల్లు కళ్ళముందు నిలుస్తుంది. ‘అయ్య వచ్చాడు’ అంటే మా ఇల్లు. గారు తీసేస్తే అగౌరవం కాదా అని బ్యాంకాయన సందేహం. పిల్లవాడు ఏ నోటితో పిలిచాడో ఆ నోటితో చెప్పడంకన్నా గౌరవం ఏముందని నర్సు. మాస్టారు తీర్పు చెప్పలేదు. “రెండు విధాలా రాసి ఒక నెల దగ్గర ఉంచుకోండి. రచన తానే చెబుతుంది” అన్నారు.

నెలంతా రెండు ప్రతులు నా దగ్గర ఉన్నాయి. గిడుగు వారు, గురజాడ వారు వాడుకభాష కోసం చేసిన పోరాటాన్ని మనం పాఠ్యపుస్తకాల్లో చరిత్రగా చదువుకున్నాం. అది ముగిసిపోయిన యుద్ధమని నేనూ అనుకునేవాణ్ణి. ఒక కొడుకు తన తండ్రి గురించి పుటన్నర రాయబోతే, అదే ప్రశ్న ఇంటి గుమ్మం దగ్గర మళ్ళీ ఎదురవుతుంది. ఎవరి వాడుక? చివరికి నిర్ణయించుకున్నాను. ‘గారు’ పోయింది, ‘నాన్న’ కూడా పోయింది. ‘అయ్య వచ్చాడు’ అని రాసిన క్షణాన, చెవిలో జూటు పీచు, చొక్కాకు నూనె వాసన ఉన్న మనిషి వాక్యంలోకి నడిచివచ్చాడు. అంతవరకూ వచ్చినది ఎవరో!

సలహాలన్నీ తీసుకున్నానని కాదు. కేరేజీలో ఉండేది చోడి అంబలి. ఇతర జిల్లాల పాఠకులకు తెలియదు గనుక రాగి అంబలి అని మార్చమని ఒకరన్నారు. మార్చలేదు. అయ్య నోట ఏనాడూ రాగి అన్న మాట రాలేదు. రాత్రి పులిసిన ఆ అంబలి వాసన, మూత తీయగానే అది గేటు దగ్గర కమ్ముకోవడం వాక్యంలో ఉంటే, చోళ్ళు ఏమిటో తెలియనివారు కూడా దారి తప్పరని నా నమ్మకం. గోష్ఠి ఎక్కడ నడక ఆగిందో చెప్పగలదు. అక్కడ రాయి ఉందో, ముల్లు ఉందో, అసలు ఆగవలసిన చోటే ఆగిందో చూసుకోవలసింది రాసినవాడే.

నాలుగవ నెలకు ఆరువందల ఇరవై మాటలు మూడువందల తొంభైకి వచ్చాయి. గోష్ఠికి ముందురోజు ఇంట్లో అమ్మకు వినిపించాను. అమ్మకు చదవడం రాదు. నియమం ప్రకారం నేను చదవకుండా మా అమ్మాయిచేత చదివించాను. ‘అయ్య వచ్చాడు’ అన్నచోట అమ్మ వక్క నమలడం ఆపింది. పూర్తయ్యాక చాలాసేపు మాట్లాడలేదు. తరువాత అన్నది ఇంతే: “అంబలి రాశావు, ఉల్లిపాయ రాశావు. ఉప్పు రాయలేదేంరా? ఉప్పు వేరే పొట్లం కట్టేదాన్ని. ముందే కలిపేస్తే మీ అయ్యకి నచ్చేది కాదు.”

ఆ పొట్లం నాకు తెలియదు. కేరేజీ మోసినది నేను, కట్టినది అమ్మ. రాత్రి కూర్చుని కేరేజీ పై గిన్నెలో ఒక కాగితపు పొట్లం పెట్టాను. ఎనిమిది మాటలు పెరిగాయి.

మర్నాడు మాస్టారు కొత్త ప్రతిని మౌనంగా చదువుకుంటూ ఆ వాక్యం దగ్గర ఆగి, పెన్సిలుతో పక్కన సన్నని గీత గీశారు.

“ఇది కిందటి నెల లేదు. ఎవరు చెప్పారు?”

“అమ్మ చెప్పిందండీ.”

“అయితే వచ్చే నెల ఆవిడను కూడా తీసుకురండి. చాప మీద కూర్చోలేకపోతే కుర్చీ వేద్దాం.”