ఒంటికి ఆనుకున్న బట్ట

షోలాపూర్‌లోని జోడ్‌భావి పేట్‌లో పుట్టిన పద్మశాలీలకు బట్ట గురించి ఇంకొకరు చెప్పాలా అనుకునేవాణ్ని. ఆ ధీమాతోనే జనవరిలో ఉత్తరాఖండ్‌లోని కేదార్‌కంఠ ఎక్కడానికి వెళ్లాను. డబ్బంతా జాకెట్‌కు పోశాను. లోపలికి మాత్రం ఇంట్లో ఉన్న నూలు బనియన్, దాని మీద నూలు టీషర్టుతో సరిపెట్టుకున్నాను.

ఆ శిఖరం ఎత్తు సుమారు 3,800 మీటర్లు. తెల్లవారకముందే మంచులో నడక మొదలవుతుంది. ఎక్కుతున్నంతసేపూ చలి తెలియలేదు, జాకెట్ విప్పాలనీ తోచలేదు. వీపంతా చెమట. ఊపిరి తీసుకుందామని ఆగగానే గాలి కొట్టింది. బనియన్ చల్లబడి ఒంటికి అతుక్కుపోయింది. దవడలు టకటకా కొట్టుకున్నాయి. వేళ్లు మొద్దుబారి జిప్పు లాగడం చేతకాలేదు. గైడు నన్ను ఇక పైకి పోనివ్వలేదు. తడి బట్టలు విప్పించి, తన సంచిలోని ఉన్ని బట్ట తొడిగించి కిందికి దించాడు.

షోలాపూర్ టవల్‌కు అంత గిరాకీ ఎందుకంటే నీళ్లను ఇట్టే పీల్చి పట్టి ఉంచుతుంది. చలికొండ మీద ఒంటిని ఆనుకున్న బట్టకు ఆ గుణమే ఉండకూడదు. మా చద్దరు వెచ్చగా ఉండేది పోగుల సందుల్లో నిలిచిన గాలి వల్ల. చెమటకు ఆ సందులు నీటితో నిండిపోతాయి. కదలని గాలికంటే నీరు దాదాపు 25 రెట్లు ఎక్కువగా వేడిని లాగేస్తుంది. పైగా ఆ తడి ఆరాలన్నా ఒంటి వేడే ఖర్చు కావాలి. టవల్ గురించి ఇంత తెలిసినవాణ్ని, బనియన్ కూడా ఆ నూలే కదా అని ఒక్కసారీ ఆలోచించలేదు.

మామూలు గాలిలో నూలు తన బరువులో 8 శాతం దాకా తేమ పడుతుంది. పాలిస్టర్ అర శాతం కూడా పట్టదు కాబట్టి త్వరగా ఆరుతుంది, కాకపోతే చెమట వాసన వదలదు. ఉన్ని నూలుకంటే ఎక్కువ తేమే తీసుకుంటుంది. అయితే ఆ తేమ పోగు లోపలికి పోతుంది. ఉంగరాలు తిరిగిన పోగుల మధ్య గాలి నిలుస్తుంది, అందుకే తడిసినా కొంత వెచ్చదనం మిగులుతుంది. ఉన్ని గుచ్చుకుంటుందని నేను మొదట్లో వద్దనుకున్నాను. గుచ్చేవి 30 మైక్రాన్లు దాటిన ముతక పోగులు. మెరినో పోగు సాధారణంగా 24 మైక్రాన్లలోపే ఉంటుంది.

ఇప్పుడు కొండకు వెళ్తే సన్నటి మెరినో జతను ఒంటికి అంటిపెట్టుకునేలా వేసుకుంటాను. చెమట పట్టకముందే జాకెట్ విప్పి, ఆగిన మరుక్షణం తొడుక్కుంటాను. పడుకునేటప్పటికి మరో పొడి జత ప్లాస్టిక్ సంచిలో విడిగా ఉంటుంది.

మన పేట పిల్లలు మంచుకొండలకు వెళ్తామంటే నేను చెప్పేది ఇదే: జాకెట్ అద్దెకైనా తెచ్చుకోవచ్చు, డబ్బు ముందు లోపలి జతకు పెట్టండి. నూలు బట్టలు కొండ దిగాక వేసుకుందురుగాని.