చూడు, చూసుకో, చేసి చూడు

1936లో ఒరిస్సా ప్రత్యేక రాష్ట్రమైనప్పుడు మా బరంపురం మద్రాసు ప్రెసిడెన్సీ నుంచి ఇటు వచ్చింది. మా పెద్దలు ఇక్కడే ఉండిపోయారు. ఇప్పుడు మా ఇళ్లల్లో పిల్లలకు వీధిలో ఒడియా, బడిలో ఇంగ్లీషు, ఇంట్లో తెలుగు. మూడింటిలోనూ చులకనయ్యేది తెలుగే. "మాట్లాడటం వచ్చు కదా తాతయ్యా, చదవడం, రాయడం ఎందుకు?" అని మా మనవరాలు అడిగితే నా దగ్గర గట్టి జవాబు ఉండేది కాదు.

ఎనిమిదో తరగతిలో దానికి కొరుకుడు పడనివి ఇంగ్లీషు ఫ్రేజల్ వెర్బ్స్. 'లుక్' అంటే చూడటం, 'ఆఫ్టర్' అంటే తర్వాత. రెండూ కలిస్తే సంరక్షించడం ఎలా అయిందంటుంది. న్యాయమైన సందేహమే! శామ్యూల్ జాన్సన్ అంతటివాడు 1755 నాటి తన నిఘంటువు ముందుమాటలో, పరాయి దేశస్థులకు అన్నిటికన్నా కష్టమైనవి ఇలాంటి క్రియలేనని రాశాడు.

బట్టీ పట్టించడం నాకిష్టం లేదు. అందుకని తెలుగులోకి దిగాను.

"చూడు అంటే?"

"లుక్."

"మరి, నానమ్మను నేను చూసుకుంటాను అంటే?"

కాసేపు ఆలోచించి "లుక్ ఆఫ్టర్!" అని అరిచింది. అక్కణ్ణించి ఆట మొదలైంది. చిన్నచూపు చూడటం 'లుక్ డౌన్ ఆన్'. ఎదురుచూడటం 'లుక్ ఫార్వర్డ్ టు'. అయితే బస్సు కోసం విసుగ్గా ఎదురుచూసేటప్పుడు ఇది పనికిరాదు, పండుగ కోసం సంబరంగా ఎదురుచూస్తేనే సరిపోతుంది. 'పుటప్ విత్' దగ్గర మళ్లీ ఆగింది.

"సర్దడం అంటే?"

"పెట్టెలో బట్టలు సర్దడం."

"సర్దుకుపోవడం?"

"నానమ్మ రోజూ నీతో చేసేదేగా!" అంది. వంటింట్లోంచి నవ్వు వినిపించింది.

పోలికతో తేలనివీ ఉన్నాయి. 'టర్న్ ఆఫ్ ద లైట్', 'టర్న్ ద లైట్ ఆఫ్' రెండూ ఒప్పే. కానీ లైటు బదులు 'ఇట్' వస్తే 'టర్న్ ఇట్ ఆఫ్' అనే అనాలి. 'లుక్ ఆఫ్టర్' మాత్రం ఎప్పుడూ విడిపోదు. 'లుక్ ఆఫ్టర్ హర్' అనవలసిందే. ఇవి వాక్యాల్లో చదివి, వాడి అలవాటు చేసుకోవాలి. అందుకే ఒక్కొక్కదానికీ సొంత వాక్యం నోటుబుక్కులో రాయిస్తున్నాను.

మొదట్లో ఆ పుస్తకంలో ఇంగ్లీషు ఒక్కటే ఉండేది. ఈమధ్య ప్రతి వాక్యం కిందా తెలుగు వాక్యం కనబడుతోంది. నేను చెప్పలేదు. అక్షరాలు నానమ్మనడిగి నేర్చుకుందట. ఒత్తులు ఇంకా తడబడుతున్నాయి, 'ళ' తిరగబడుతోంది. అయినా ఇంగ్లీషు పరీక్షకు తయారవుతున్న పిల్ల తనంతట తాను తెలుగు రాతకు వచ్చింది. నేను చెప్పలేకపోయిన జవాబు దానికే దొరికింది.

మన పిల్లలకు ఇంగ్లీషు కావాలి, కాదనలేం. ఆ చదువుకు తెలుగు అడ్డం రాదు, ఆసరా అవుతుంది. మీ ఇళ్లల్లో కూడా ఒకసారి చేసి చూడండి.

'చేసి చూడటం' అంటే 'ట్రై అవుట్' అని పక్కనుంచి మనవరాలు అందిస్తోంది!