ట్రింకోమలీలో మన 'తిరు', మన 'మల'

ట్రింకోమలీ అంటే మీకేమనిపిస్తుంది? నాకైతే ఎవరో దొరసాని పేరులా తోచింది. శ్రీలంక తూర్పు తీరాన ఆ ఊళ్లో బస్సు దిగి బోర్డు చూశాక గానీ అసలు సంగతి తెలియలేదు. సింహళం, తమిళం, ఇంగ్లీషు మూడింట్లోనూ రాశారు. మా వారు తమిళం కూడబలుక్కుని "తిరుకోణమలై" అని చదివారు.

తిరు అంటే శ్రీ, మలై అంటే కొండ. మన తిరుమలలో ఉన్నవీ ఆ రెండేగా! మధ్యలో ఉన్నది అక్కడి కోణేశ్వరస్వామి. మూడు కోణాల కొండ అనే అర్థం చెప్పేవాళ్లూ ఉన్నారు గానీ, నాకు స్వామి పేరే బాగుంది. మచిలీపట్నం మసూలిపటం అయినట్టే ఇదీ తెల్లవాళ్ల నోట్లో పడి నలిగింది.

గుడి సముద్రం మీదికి పొడుచుకొచ్చిన కొండ కొసన ఉంది. కిందికి చూస్తే కళ్లు తిరుగుతాయి. 1622లో పోర్చుగీసువాళ్లు పాత గుడిని పడగొట్టి, ఆ రాళ్లతో కోట కట్టుకున్నారు. తర్వాత భక్తులు ఆ బండ అంచునే నిలబడి పూజ చేసుకునేవారట. 1956లో ఈతగాళ్లకు సముద్రం అడుగున పాత గుడి స్తంభాలు కనిపించాయి. కొత్త గుడికి కుంభాభిషేకం జరిగింది 1963లో. అన్నేళ్లూ ఊరి పేరులో మాత్రం స్వామి కదలకుండా ఉన్నాడు చూడండి!

ఇప్పటికీ గుడికి ఆ కోట గుమ్మంలోంచే వెళ్లాలి. లోపల జింకలు తిరుగుతుంటాయి. మీరు వెళితే అరటిపళ్లు సంచిలో దాచుకోండి, మా బుట్టలోవి సగం అవే తినేశాయి.