ఒక్క పందెం కూడా ఆడని కారు

జాగ్వార్ ఎక్స్‌జె13 లోకం మొత్తానికి ఒక్కటే ఉంది. ఇంగ్లండులో గేడన్ అనే ఊళ్లో, బ్రిటిష్ మోటార్ మ్యూజియంలో పెట్టారు. ముదురాకుపచ్చ రంగు, నేలను రాసుకుపోతున్నంత కిందుగా ఒళ్లు, డ్రైవరు వీపు వెనకే పన్నెండు సిలిండర్ల ఇంజను. చూసినవాళ్లు ఎంత అందంగా ఉందో అనుకుంటారు, ఫొటో తీసుకుంటారు, వెళ్లిపోతారు. అందులో వాళ్ల తప్పేం లేదు. నాకు మాత్రం ఆ కారు తలపుకొస్తే ముందు గుర్తొచ్చేది దాని మొదటి ఒళ్లు. అది 1971 జనవరిలో పోయింది. ఇప్పుడున్నది రెండోది.

ఆ మొదటి ఒంటి గీతలు మాల్కం సేయర్‌వి. బ్రిస్టల్ విమానాల కంపెనీలో పనిచేసి జాగ్వార్‌కి వచ్చిన మనిషి. సి-టైప్, డి-టైప్, ఇ-టైప్, మూడూ ఆయన చేతి నుంచి వచ్చినవే. తనను స్టైలిస్టు అంటే ఆయనకు నచ్చేది కాదు. కంటికి ఇంపుగా ఉందని గీత గీసే అలవాటు లేదు. గాలి ఒంటి మీదుగా ఎలా జారిపోతుందో లెక్కకట్టి, వంపు పొడవునా ఎక్కడ ఎంత ఎత్తు, ఎంత వెడల్పు ఉండాలో అంకెల్లో తేల్చేవారు. లాగరిథమ్ పట్టికలు, స్లైడ్ రూలు, కాగితాల దొంతరలు. అంత అందం అంకెల్లోంచి వచ్చిందంటే ఇప్పటికీ నాకు ఆశ్చర్యమే.

ఆ కొలతల ప్రకారం చెక్కతో అచ్చులు తయారయ్యాయి. వాటికి సరిపోయేలా అల్యూమినియం రేకులు మలిచింది కోవెంట్రీ ప్రాంతంలోని ఏబీ ప్యానెల్స్ పనివాళ్లు. ఈ పని గురించి కాస్త నిదానంగా చెప్పాలి, ఎందుకంటే తర్వాత కారును బతికించింది ఇదే. రేకును ఇసుక సంచి మీద పెట్టి కొయ్య సుత్తితో కొడితే గుంట పడుతుంది, ఒంటినిండా సొట్టలు మిగులుతాయి. అప్పుడు దాన్ని రెండు ఉక్కు చక్రాల నడుమ పెట్టి ముందుకీ వెనక్కీ లాగుతారు. లాగేకొద్దీ రేకు సాగి, సొట్టలు పోయి వంపు తేలుతుంది. అచ్చు మీద ఆనించి చూస్తారు. ఎక్కడో సందు కనపడుతుంది. తీసి మళ్లీ లాగుతారు. విజయవాడ ఆటోనగర్‌లో టింకరింగ్ చేసే మా బాబాయి, పని అయిందనుకున్నాక డోరు మీద అరచెయ్యి ఆనించి కళ్లు మూసుకునేవాడు. “కంటికి దొరకని సొట్ట చేతికి దొరుకుద్దిరా” అనేవాడు. ఏబీ ప్యానెల్స్ వాళ్ల సంగతి చదివినప్పుడల్లా నాకు ఆ అరచెయ్యే కనిపిస్తుంది.

1950లలో ల మాన్ 24 గంటల పందెం ఐదుసార్లు గెలిచిన జాగ్వార్, మళ్లీ అక్కడికి వెళ్లాలని ఈ కారు కట్టింది. ఐదు లీటర్ల ఇంజను, 500 హార్స్‌పవర్ పైమాటే. వెనక చట్రం అంటూ వేరే పెట్టలేదు, ఆ బరువంతా ఇంజనే మోసేది. 1966లో కారు సిద్ధమైంది. ఆ ఏడాదే కంపెనీ బీఎంసీ (బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్)తో కలిసిపోయింది. కారు ఫ్యాక్టరీ గేటు దాటకూడదని జాగ్వార్ పెద్దాయన సర్ విలియం లయన్స్ ఆజ్ఞ. 1967 మార్చిలో ఒక ఆదివారం పొద్దున, టెస్ట్ డ్రైవర్ నార్మన్ డ్యూయిస్ దాన్ని చప్పుడు కాకుండా ఎంఐఆర్ఏ పరీక్షా ట్రాక్‌కి తీసుకుపోయారు. మర్నాడు లయన్స్ పిలిపించి మందలించారనీ, ఆ వెంటనే ఎలా నడిచిందని అడిగారనీ డ్యూయిస్ తర్వాతి కాలంలో చెప్పుకునేవారు. ఆ ఏడే రేసు డ్రైవర్ డేవిడ్ హాబ్స్ అదే ట్రాక్ మీద గంటకు 161.6 మైళ్ల సగటుతో ఒక చుట్టు తిప్పారు. అంటే 260 కిలోమీటర్లు. ఇంతలో రూలు మారింది. 1968 నుంచి ప్రోటోటైప్ కార్లకు మూడు లీటర్లకు మించిన ఇంజను కుదరదన్నారు. కారును మూల పెట్టి దుప్పటి కప్పేశారు.

బయటికి తీసింది ఒక సినిమా కోసం. పన్నెండు సిలిండర్ల ఇ-టైప్ అమ్మకానికి రాబోతోంది, దాని ప్రచార చిత్రం మొదట్లో ఈ కారు దూసుకుపోతూ కనపడాలన్నారు. 1971 జనవరి 20. డ్యూయిసే నడిపారు. షూటింగ్ బాగానే సాగింది. మంచి వేగంలో ఉండగా వెనకవైపు దెబ్బతింది. టైరు అని కొందరు, చక్రమే విరిగిందని కొందరు. కారు ట్రాక్ వాలుకట్ట ఎక్కి, దిగి, బురదలోకి దూసుకెళ్లి పల్టీలు కొట్టింది. డ్యూయిస్ ఇంజను ఆపేసి లోపలికి ముడుచుకుపోయారు. పొట్టి మనిషి కావడం ప్రాణం కాపాడింది. చెప్పుకోదగ్గ గాయమే లేకుండా బయటపడ్డారు. కారు తుక్కయింది. సేయర్ అంతకు ముందు ఏడాది ఏప్రిల్‌లోనే పోయారు, యాభై మూడేళ్లకు. ఆయన ఈ దృశ్యం చూడలేదు.

ఆ తుక్కును జాగ్వార్ వాళ్లు పారేయలేదు, బాగుచేయించనూ లేదు. ఏదో మూల పడి ఉంది. ఏబీ ప్యానెల్స్ యజమాని ఎడ్వర్డ్ లోడ్స్ కంట అది పడింది. తామే మళ్లీ కడతామని జాగ్వార్ పెద్ద లాఫ్టీ ఇంగ్లండ్‌ని అడిగారు. పాత అచ్చులు కొన్ని ఇంకా మిగిలే ఉన్నాయి. జాగ్వార్‌కి అయిన ఖర్చు వెయ్యి పౌండ్లు. పేరుకు అడిగినంతే. పందెం గెలిచిన చరిత్ర లేదు, అమ్మకానికి పెట్టే సరుకు కాదు. తమ చేత్తో చేసింది అలా పడి ఉండకూడదన్న పట్టుదల తప్ప ఇంకో కారణం నాకు కనపడదు. 1973 జులైలో సిల్వర్‌స్టోన్‌లో, బ్రిటిష్ గ్రాండ్ ప్రీ నాడు, లాఫ్టీ ఇంగ్లండ్ స్వయంగా నడుపుతూ తీసుకొచ్చారు. జనం దాన్ని కళ్లారా చూడటం అదే మొదలు.

అచ్చంగా పాతది కాదని జాగ్వారే చెప్పింది. చక్రాల పైన రేకు అంచు ఇప్పుడు బయటికి సాగి ఉంటుంది. సేయర్ లెక్కలో అది లేదు. దీన్ని ఎత్తిచూపి, ఇది అసలు కారే కాదనేవాళ్లున్నారు. నాకా మాట మింగుడుపడదు. అచ్చుల్లో కొన్ని అవే, వర్క్‌షాపు అదే, కట్టినవాళ్లకు ఆ కారు బతికుండగా తెలుసు. ఇవాళ కంప్యూటరు కొలతలతో 1966 నాటి ఆకారాన్ని వెంట్రుకవాసి తేడా లేకుండా చెయ్యొచ్చు, కొందరు పూనుకున్నారు కూడా. వాళ్ల శ్రద్ధకు దణ్ణం పెడతాను. అయినా నా మనసు ఆ సాగిన అంచు దగ్గరే ఉంటుంది.

పోయినవాటి లెక్క మాత్రం పెద్దదే. కారు పుట్టిన బ్రౌన్స్ లేన్‌లో 2005లో తయారీ ఆగింది, తర్వాత ఫ్యాక్టరీలో చాలా భాగం కూల్చేశారు. డ్యూయిస్ 2019లో, తొంభై ఎనిమిదేళ్లకు వెళ్లిపోయారు. మొదటి ఒంటిని చూడాలంటే ఆనాటి ఫొటోలు, ఆ చివరి రోజు తీసిన ఫిల్ము, అంతే. గేడన్ వెళ్లే ముందు ఆ ఫిల్ము ఒకసారి చూసి వెళ్లండి. మ్యూజియంలో కారు వెనక్కి వెళ్లి, చక్రం పైన అంచు దగ్గర కాసేపు ఆగితే, సేయర్ గీత ఎక్కడిదాకా వచ్చిందో, రేకు పనివాళ్ల చెయ్యి ఎక్కడ మొదలైందో మీకే తెలిసిపోతుంది.