రెండు తీగలు తక్కువ

పబ్బుల్లో వాయించడం హైదరాబాద్ బ్యాండ్ల సంగతి. మనవైపు జాతర్లు, చవితి పందిళ్లు, పెళ్లి రిసెప్షన్లే స్టేజీలు. రాత్రి కొల్లేటి పక్క ఊళ్లో మా ఆర్కెస్ట్రా. నేను బేస్ గిటార్. తాడేపల్లిగూడెంలో వ్యాను ఎక్కుతుంటే డ్రైవరు అడిగాడు: “రెండు తీగలు తెగిపోయినట్టున్నాయండీ?”

“దీనికి నాలుగేనండీ.”

అన్నిటికంటే లావుపాటి తీగ సెకనుకి 41 సార్లు ఊగుతుంది. ఫోను స్పీకరుకి ఆ శబ్దం అందదు. అందుకే మావాళ్లు పెట్టే వీడియోల్లో నేను కనిపిస్తాను, వినిపించను.

ఇళయరాజా పాట మధ్యలో నా యాంప్ ఆగిపోయింది. పాట ఆగలేదు. గెంతుతున్న కుర్రాళ్లు మాత్రం ఒక్కసారి నెమ్మదించి, ఏం తగ్గిందో తెలీక స్టేజీ వైపు చూశారు.

నాకు అది చాలు.

తిరిగొస్తుంటే డ్రైవరు: “ఆ రెండూ వేయించేయండి, ఇంకా బాగుంటదండీ!”